అడవి విద్యలు నేర్చుకోవాలంటే ముందు తాడు పేనండి

బెజవాడ పటమటలో ఉంటున్నాననీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమనీ, కట్టెలు రాపాడించి నిప్పు పుట్టించడం, గూడు కట్టుకోవడం, బుట్టలు అల్లడం లాంటి పాత విద్యలు నేర్చుకోవాలని ఉందనీ రాశారు. ఏ కత్తి కొనాలి, వీకెండ్ క్యాంపులో డబ్బు కట్టి చేరాలా, ప్రాక్టీసుకి నల్లమల వెళ్ళొచ్చా అని అడిగారు. విల్లు తాడు చుట్టిన పుల్లని చెక్క మీద గిరగిరా తిప్పి నిప్పు తీయాలని వారాల తరబడి విల్లు లాగుతున్నా పొగ తప్ప నిప్పు రావడం లేదని బాధపడ్డారు కూడా.

జవాబు ముందే చెప్పేస్తాను. నిప్పుని కొన్నాళ్ళు పక్కన పెట్టి తాడు పేనడం నేర్చుకోండి. క్యాంపు ఇప్పుడే వద్దు. నల్లమల అసలే వద్దు. మీకు కావలసిన గురువులు బెజవాడ, గుంటూరు చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ళలో కొందరిని మీరు రోజూ బండి మీద దాటుకుంటూ వెళ్తున్నారు.

నేను తెనాలి వైపు పల్లెలో పెరిగాను. చాలా ఏళ్ళుగా ఈ పనులు చేస్తూ, సెలవుల్లో పిల్లలకు నేర్పుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు దాదాపు అందరూ నిప్పుతోనే మొదలుపెడతారు, వీడియోలో చూడ్డానికి అదే బాగుంటుంది కాబట్టి. కానీ విల్లుకి తాడు కావాలి, గూడుకి కట్లు కావాలి, బుట్ట అంచు బిగించాలన్నా, కత్తికి పిడి చుట్టాలన్నా, బావిలో చెంబు వదలాలన్నా తాడే కావాలి. ప్రస్తుతం మీ విల్లుకి కట్టింది నైలాన్ తాడో, బూటు లేసో అయ్యుంటుంది. రాపిడికి నైలాన్ కరిగి జారిపోవచ్చు. మీ నిప్పు రాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

నార ఎక్కడ దొరుకుతుందని వెతుక్కోనక్కర్లేదు. గోంగూర అంటే గుంటూరులో అందరికీ పచ్చడే గుర్తొస్తుంది. పొలం గట్ల మీద వేసే గోగుని ఆకు కోయడం ఆపి వదిలేస్తే మనిషిని మించి పెరుగుతుంది, దాని కాండం తొడుగంతా నారే. పూత మీద ఉండగా కోయాలి. కాయ ముదిరితే నార గరుకైపోతుంది. ఆకు దులిపి, కట్ట కట్టి, నీళ్ళలో పూర్తిగా మునిగేలా పైన రాళ్ళు పెట్టి 10 నుంచి 15 రోజులు నానబెట్టండి. వారం దాటాక రోజూ ఒక కట్టె తీసి దాని మొదలు దగ్గర బొటనవేలితో రుద్ది చూడండి. నార కట్టె నుంచి తేలిగ్గా ఊడివచ్చిన రోజే మొత్తం తీసేయాలి. ఇంకో రెండు రోజులు ఉంటే ఇంకా మెత్తగా వస్తుందనుకుంటే నార కుళ్ళి బలం పోతుంది. వాసన మాత్రం గట్టిగా వస్తుంది, అపార్టుమెంట్ మేడ మీద డ్రమ్ము పెట్టి చేస్తే పక్క ఫ్లాట్లవాళ్ళు ఊరుకోరు. ఊళ్ళో చుట్టాల పొలం ఉంటే అక్కడ చేసుకోండి.

అంతవరకు ఆగలేకపోతే జిల్లేడు ఉంది. ఖాళీ స్థలాల్లో, కాలవ గట్ల మీద ఎక్కడ చూసినా అదే. వేలి మందం ఉన్న నిటారు కొమ్మలు మూర పొడవున కోసి ఒకటి రెండు రోజులు ఎండలో వాడనివ్వండి. తర్వాత బెరడు పట్టీలుగా ఒలిచి, పైపొట్టు గీకేస్తే లోపల తెల్లగా పట్టులా మెరిసే నార కనిపిస్తుంది. ఎప్పట్నుంచో వింటినారికీ, గాలపు తాడుకీ వాడిన నార ఇది. ఒకే జాగ్రత్త: జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. కోసిన చేత్తో ముఖం తుడుచుకోకండి. కళ్ళజోడు పెట్టుకోండి. పిల్లలు పక్కనుంటే ఈ పని పెట్టుకోకండి.

ఇక పేనడం. అగ్గిపుల్ల మందం నార పాయ తీసుకుని కొద్దిగా తడి చేయండి. సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్క పొడవు, ఒక పక్క పొట్టి ఉండేలా పట్టుకుని, రెండు చేతుల మధ్య ఒకే వైపు పురి ఎక్కించండి. కాసేపటికి నార తనంతట తానే మెలిపడి చిన్న ఉచ్చులా ముడుచుకుంటుంది. ఆ ఉచ్చుని ఎడమచేతి వేళ్ళతో పట్టుకోండి. ఇప్పుడు మీకు రెండు పేటలు వచ్చాయి. మీకు దూరంగా ఉన్న పేటని అవతలి వైపుకి పురి తిప్పండి, తిప్పినదాన్ని రెండో పేట మీదుగా మీ వైపుకి తెచ్చి వేయండి. ఇప్పుడు రెండోది దూరంగా వచ్చింది, దాన్నీ అలాగే. పేటల్లో పురి ఒక దిక్కు, తాడులో పురి దానికి ఎదురు దిక్కు. రెండూ ఒకదాన్నొకటి విప్పుకోనివ్వకుండా పట్టి ఉంచుతాయి, తాడు నిలిచేది అందువల్లే. జానెడు పేనాక వదిలి చూడండి. విచ్చుకుంటే పేటలకి పురి చాలలేదన్నమాట.

పేట సన్నబడుతుండగా, ఇంకా నాలుగు వేళ్ళ పొడవు మిగిలి ఉండగానే, కొత్త నార దానికి ఆనించి కలిపి తిప్పాలి. రెండు పేటలకీ ఒకే చోట అతుకు రాకూడదు. మొదట పొట్టి, పొడవు అన్నది ఇందుకే. తాడు తెగితే అతుకు దగ్గరే తెగుతుంది. చేయి అలవాటయ్యాక తొడ మీద అరచేత్తో దొర్లించి పేనడం మొదలుపెట్టండి, వేగం చాలా పెరుగుతుంది. అయితే మీరు పేనిన తాడుని మనిషి బరువుకి నమ్మకండి. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు ప్రాణం మోకు మీద పెడతాడు. ఆ నమ్మకం అతనికి ఏళ్ళ అనుభవంతో వచ్చింది.

తాడు వచ్చాక వెదురుకి వెళ్ళండి. బెజవాడలో, గుంటూరులో రోడ్డు పక్కన తట్టలు, చేటలు, తడకలు అల్లే మేదరివాళ్ళు, ఎరుకలవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు కదా. ముందు ఒక బుట్ట కొనండి, బేరమాడకుండా. తర్వాత, ఒక రోజు కూలి ఇస్తాను, పక్కన కూర్చుని చూడనిస్తారా అని అడగండి. నా అనుభవంలో ఎవరూ కాదనలేదు. కూలి ఇవ్వడం గురించి గట్టిగా చెబుతున్నాను. మనకి హాబీ అయినది వాళ్ళకి అన్నం. ఆటకి వచ్చినట్టు వచ్చి, ఫోన్ ముఖం మీద పెట్టి వీడియో తీసుకుని పోవడం నాకు బాధగా ఉంటుంది.

వాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు అల్లిక కన్నా చీల్చడం మీద కన్ను పెట్టండి. అల్లిక రెండు గంటల్లో అర్థమవుతుంది, బద్ద చీల్చడమే అసలు విద్య. బొంగుని ఎప్పుడూ సరి సగంగా చీల్చుకుంటూ పోతారు: రెండు, నాలుగు, ఎనిమిది. చీలిక ఒక పక్కకి పోయి ఒక ముక్క సన్నబడుతుంటే, మందంగా ఉన్న ముక్కని ఎక్కువగా వంచుతారు, చీలిక మళ్ళీ మధ్యకి వస్తుంది. కత్తి దారి చూపిస్తుందంతే, చీల్చేది చేతులే. ఇది వీడియోలో కనిపించదు. పక్కనుంటే ఆ బద్ద చప్పుడులోనే తేడా తెలుస్తుంది.

గూడు సంగతి. అడవిలో కొమ్మలు నరికి ఇంగ్లీషు A ఆకారంలో ఒకటి కట్టే బదులు, శ్రీరామనవమికి ముందు మీ ఏరియాలో తాటాకు చలువ పందిరి వేసేవాళ్ళతో రెండు రోజులు పని చేయండి. గుంజ ఎంత లోతు పాతాలి, ఏ కట్టు గాలికి జారదు, ఆకు ఏ దిక్కు నుంచి మొదలుపెడితే ఒకదాని మీద ఒకటి ఒదుగుతుంది, ఇవన్నీ చేతికి వస్తాయి. వాన ఆపాలంటే వాలు బాగా ఉండాలి, కింది వరస నుంచి పైకి కప్పుకుంటూ రావాలి. పందిరి నీడకే గాని వానకి పనికిరాదు, ఆ తేడా వాళ్ళే చూపిస్తారు. రెల్లు, జమ్ము కప్పిన పాకలు లంక గ్రామాల వైపు ఇంకా ఉంటే ఆగి చూడండి.

కత్తి గురించి ఎక్కువ ఆలోచించకండి. ఆన్‌లైన్‌లో వేలు పోసి కొనే కత్తి వద్దు. మన ఊళ్ళో లారీలు బాగుచేసే ఆటోనగర్ ఉంది. లారీ కమాన్‌కట్ట (స్ప్రింగు పట్టీ) ముక్క ఒకటి పాత సామాను కొట్టులో తీసుకుని, కొలిమి ఉన్న కమ్మరి దగ్గరికి వెళ్ళి చిన్న కత్తి చేసివ్వమనండి. అది మంచి ఉక్కు, సాన నిలుస్తుంది. చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడండి. ఇనుము ఏ రంగులో ఉండగా కొడుతున్నాడు, ఎప్పుడు నీళ్ళలో ముంచుతున్నాడు అడగండి. పాత ఆకురాయి (ఇనుము అరగదీసే ఉక్కు పనిముట్టు) ముక్క ఒకటి కూడా అడిగి తెచ్చుకోండి, నిప్పు దగ్గర పనికొస్తుంది.

చెక్కడం నేర్చుకోవడానికి కొండపల్లి కన్నా మంచి చోటు ఉందా? బొమ్మలు చేసే ఇళ్ళకి వెళ్ళి చూడండి. ఆ బొమ్మలకి వాడే తెల్ల పొణికి కర్ర ఎంత తేలికో ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. చేతులు, కాళ్ళు విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ మక్కు తయారీ నేర్చుకోండి. బజారులో గమ్ము కొనక్కర్లేకుండా చెక్క పనికి ఎన్ని విధాల వాడుకోవచ్చో మీకే తెలుస్తుంది. రాతి పనిముట్ల మీద ఆసక్తి ఉంటే, రాళ్ళు పగలగొట్టేముందు నాగార్జునకొండ మ్యూజియంకి వెళ్ళి రండి. సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపి, పాత రాతియుగం నుంచి ఉన్న పనిముట్లు బయటికి తీశారు. రాయికి ఏ కోణంలో దెబ్బ పడిందో ఆ పెచ్చుల మచ్చల్లో కనిపిస్తుంది. రాయి కొట్టేటప్పుడు మాత్రం కళ్ళజోడు, మాస్కు లేకుండా కూర్చోవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు.

కుండల పని కూడా చేయాలని ఉంటే ఒక్క మాట: నల్లరేగడితో మొదలుపెట్టకండి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. చెరువు ఒండ్రు తీసుకుని, ఇసుక గాని, దంచిన పాత కుండపెంకుల పొడి గాని కలపండి, పూర్తిగా ఆరాకే కాల్చండి. లోపల తడి ఉంటే ఆవిరై కుండ పగిలిపోతుంది.

ఇప్పుడు నిప్పు. యజ్ఞాలలో ఇప్పటికీ అరణి మథించే నిప్పు పుట్టిస్తారు, దానికి జమ్మి, రావి కర్రలు వాడతారు. ఎప్పుడైనా అవకాశం వస్తే దగ్గరగా చూడండి. ఒకరు పైనుంచి అదిమి పట్టుకుంటే ఇంకొకరు తాడుతో చిలుకుతారు. మీరూ మొదట అలాగే ఇద్దరు కలిసి చేయండి, ఒంటరిగా విల్లుతో కుస్తీ పట్టడం తర్వాత. కర్ర ఎంపిక అన్నిటికన్నా ముఖ్యం. గోరు గుచ్చితే నొక్కు పడేంత మెత్తగా, విరిస్తే టక్కున విరిగేంత ఎండుగా ఉండాలి. ఎండిన జిల్లేడు కర్ర చాలా బాగా పనిచేస్తుంది. పుల్లని పైనుంచి అదిమే పట్టుకి కొబ్బరి చిప్ప ముక్క వాడి, అందులో చుక్క నూనె వేయండి. కింది చెక్కలో పుల్ల తిరిగే గుంట పక్కన సన్నటి కోణంలో గాటు పెట్టండి, పొడి రాలి అక్కడ పోగుపడాలి.

మీ పొడి రంగు ఏమిటో రాయలేదు. లేత గోధుమ రంగులో ఉంటే వేగం, ఒత్తిడి చాలడం లేదు. నల్లగా, కాస్త బరకగా ఉంటే దారిలో పడ్డారు. ముందు నిదానంగా లాగి గాటు నింపండి, నిండాకే వేగం పెంచండి. మొదటినుంచీ బలమంతా పెడితే సరిగ్గా కావలసిన సమయానికి చేయి పడిపోతుంది. విల్లు ఆపాక కూడా ఆ పొడి నుంచి పొగ వస్తూనే ఉంటే నిప్పు పుట్టినట్టే. కంగారుపడి ఊదకండి, అర నిమిషం ఆగి అది ముద్ద కట్టనివ్వండి. తర్వాత బాగా పీకి మెత్తబరచిన కొబ్బరి పీచులోకి జార్చి, సన్నగా, ఎడతెగకుండా ఊదండి. వానాకాలంలో మన డెల్టా గాలిలోని తేమకి ఎంత అలవాటున్నవాళ్ళకైనా కష్టమే, అందుకు దిగులుపడకండి.

ఆకురాయి ముక్క తెచ్చుకోమన్నాను కదా. పదునైన అంచున్న పలుగురాయి మీద దాన్ని చెకుముకిలా కొట్టి చూడండి. రవ్వలు రాలేది ఇనుము నుంచి. వాటిని పట్టడానికి మూత బిగించిన డబ్బాలో పెట్టి మాడ్చిన నూలు గుడ్డ కావాలి.

పాతకాలం ఇళ్ళలో నిప్పు రోజూ పుట్టించేవాళ్ళు కాదు. రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పుని పిడకతో సహా బూడిదలో కప్పెట్టేవాళ్ళు, పొద్దున్న బూడిద తోస్తే కణకణలాడుతూ ఉండేది. ఆరిపోతే పక్కింటి నుంచి పిడక మీద తెచ్చుకునేవాళ్ళు. రాపిడి నిప్పు కన్నా నాకు ఈ విద్యే గొప్పగా అనిపిస్తుంది. పిడక ఎంతసేపు నిప్పు నిలుపుతుంది, ఊక ఎంతసేపు, కప్పిన బూడిద ఎంత మందం ఉండాలి, ఇవి మీరు పెరట్లోనే పరీక్షించుకోవచ్చు, బకెట్ నీళ్ళు పక్కన పెట్టుకుని.

నీళ్ళ గురించి మీరు అడగలేదు, కానీ మన ఊరికి అసలు పరీక్ష అదే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, జనం మేడల మీద నిలబడి ఎదురుచూసింది తాగునీళ్ళ కోసం. చుట్టూ నీళ్ళే, గుక్కెడు తాగడానికి లేవు. వరద నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గాని, అందులో కలిసిన డీజిలు, పురుగుమందులు, రసాయనాలు పోవు. ఆ సమయంలో మేడ మీద శుభ్రమైన గుడ్డ పరిచి పట్టిన వాననీళ్ళే మేలు, అవీ కాచే తాగండి. మామూలు ఏటి నీళ్ళు బురదగా ఉంటే చిల్లగింజని సానరాయి మీద అరగదీసి కలిపితే కొన్ని గంటల్లో బురద అడుక్కి దిగుతుంది. వనమూలికల కొట్టులో దొరుకుతుంది. తేరిన నీళ్ళని వడకట్టి, తెర్లు కాగాక ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి, చిల్లగింజ క్రిముల్ని చంపదు. ముషిణి గింజ దీనికి దాయాది, అది విషం. బిళ్ళలా చదునుగా ఉంటుంది. తెలిసినవాళ్ళు చూపించకుండా ఏ గింజా వాడకండి.

తిండి విషయంలోనూ అంతే. పొన్నగంటి, గురుగు, తుమ్మి, చెంచలి ఆకుల్ని మీ అమ్మమ్మ వయసువాళ్ళు ఎవరైనా గట్టు మీద నిలబడే చూపించగలరు. ఏడాది పొడవునా ఒక్కో ఆకుని మొలక దశ నుంచి పూత దాకా చూశాకే కూరలోకి తెచ్చుకోండి. శీతాకాలంలో తాటి టెంకలు పాతిన చోటికి వెళ్ళి తేగలు తవ్వడం చూడండి, మనకి అంతకన్నా సులువైన అడవి తిండి లేదు. కొంచెం కొరికి, ఆగి, ఏమీ కాకపోతే తినేయమనే ఇంటర్నెట్ పద్ధతిని నమ్మకండి. గన్నేరు, గురివింద, అడవి ఆముదం మన చుట్టూనే ఉన్నాయి. పుట్టగొడుగుల జోలికి వెళ్ళనే వద్దు.

నల్లమల ఎందుకు వద్దన్నానంటే, అందులో చాలా భాగం పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం, నిప్పు పెట్టడం, చెట్టు నరకడం అన్నీ నేరాలే. ఉచ్చు పన్నడం ప్రాక్టీసుకే అయినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. కొండపల్లి రిజర్వ్ ఫారెస్టుకీ ఇదే వర్తిస్తుంది, ఎండాకాలం అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. చెంచుగూడేలకి కెమెరా పట్టుకుని వెళ్ళి చూపించమని అడగడం కూడా నాకు నచ్చదు. మామిడి తోట, పొలం గట్టు, యజమానిని అడిగి వాడుకోండి.

ఎక్కడ చేసినా మే నెలలో పొద్దున్న పదకొండు గంటలు దాటాక ఎండలో ఉండకండి. మన దగ్గర మనిషిని ముందు పడగొట్టేది వడదెబ్బే. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ వద్దు. కదలనివ్వకుండా, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే పెద్ద ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు. బయట పడుకుంటే మంచం మీదే పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి.

క్యాంపు వచ్చే ఏడాదికి చూద్దాం. అప్పటికి మీ చేతికి నార, వెదురు, నిప్పు కొంత తెలిసి ఉంటాయి, నేర్పేవాడికి నిజంగా వచ్చో రాదో రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు. డబ్బు కట్టేముందు అడగాల్సింది ఒకటే: కర్ర, నార మనమే సేకరించి సిద్ధం చేసుకుంటామా, లేక రెడీగా కిట్టు ఇస్తారా? కిట్టు అంటే ఆ డబ్బు మేదరివాళ్ళకి కూలిగా ఇవ్వండి, ఎక్కువ నేర్చుకుంటారు.

ఈ ఆదివారం జిల్లేడు కొమ్మలు కోయండి. మూరెడు తాడు పేనాక అతుకులు కనిపించేలా దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పురి ఎక్కడ వదులైందో చూసి చెబుతాను. నిప్పు పొడి రంగు కూడా రాయండి.